కిటికీ పక్క బెడ్ మీది సేటు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నేను ముందు అడిగే ప్రశ్న ఒకటే: నువ్వు చూశావా, లేక ఎవరో చూశారని విన్నావా? ముప్పై ఏళ్లు సర్కారు బడిలో జీవశాస్త్రం చెప్పాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో సెలవు రోజుల్లో ఊళ్లు తిరిగి, బాణామతి లేదు, చేతబడి లేదు అని చెప్పే బృందంలో పనిచేశాను. నిమ్మకాయ కోస్తే రక్తంలాంటిది ఎలా కారుతుందో, కొబ్బరికాయ దానంతటదే ఎలా అంటుకుంటుందో జనం ముందు చేసి చూపించి, అందులో ఏ రసాయనం కలిపామో కూడా చెప్పి వచ్చేదాన్ని. మా ఆయన పోయినప్పుడు పిండం కాకి ముట్టలేదని చుట్టాలు గుసగుసలాడితే, ఇంత ఎండలో కాకులు ఎక్కడినుంచి వస్తాయని వాళ్ల ముఖం మీదే అన్నాను.

గొప్ప కోసం చెప్పడం లేదు. ఇది ఎలాంటి మనిషికి జరిగిందో ముందే తెలియాలని చెబుతున్నాను.

మా అన్న పేరు సాంబయ్య. నాకంటే పద్నాలుగేళ్లు పెద్ద. డోర్నకల్ రైల్వేలో కీమ్యాన్‌గా చేశాడు. భుజాన సుత్తి వేసుకుని రోజూ పట్టాల వెంట నడుస్తూ, వదులైన కీలను కొట్టి బిగించే పని. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "యాళ్ల దొరకలే" అని, తీరికే చిక్కనట్టు నవ్వేవాడు. నాకు పిల్లలు లేరు. మా ఆయన పోయిన తర్వాత అన్న తన ట్రంకు పెట్టె పట్టుకుని ఖిలా వరంగల్‌లోని మా ఇంటికి వచ్చేశాడు. అప్పటినుంచి ఇద్దరమే.

డెబ్బై దాటేసరికి అన్నకు ఒక జబ్బు కాదు, ఐదు. మొదట షుగర్, తర్వాత బీపీ. తర్వాత గుండె లయ తప్పిందన్నారు. కిడ్నీలు కొంచెం నీరసించాయన్నారు. అన్నేళ్లు కంకర మీద నడిచిన మోకాళ్లు ఎలాగూ ఉన్నాయి. ఒక్కో జబ్బుకు ఒక్కో డాక్టరు, ఒక్కో ఫైలు. గోలీలన్నీ ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టేదాన్ని. పొద్దున ఐదు, మధ్యాహ్నం రెండు, రాత్రి నాలుగు. ఆ డబ్బా మొత్తాన్ని ఒక్కసారి చూసిన డాక్టరు ఒక్కరూ లేరు. ఎవరి గోలీలు వాళ్లు చూసేవారు.

రెండేళ్ల కిందటి వానాకాలంలో అన్నకు కాళ్లు ఉబ్బాయి. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు, గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఒక ఆదివారం పొద్దున హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో చేర్చాను. ఏ దవాఖానో ఇక్కడ అనవసరం. మూడో అంతస్తులో ఇద్దరు పేషెంట్లకు కలిపి ఒక గది ఇచ్చారు. అన్నది తలుపు వైపు బెడ్. కిటికీ పక్క బెడ్ ఖాళీగా ఉంది. దాని మీద ఆకుపచ్చ రెగ్జిన్ పరుపు, కాళ్ల వైపు మడతపెట్టిన దుప్పటి ఉన్నాయి. మేమున్నన్ని రోజుల్లో చివరి రోజు వరకూ ఆ బెడ్‌లోకి ఎవరూ రాలేదు.

చేర్చుకున్న నర్సు అడిగింది, "ఇంట్ల గోలీలు ఉన్నయా మేడం?"

ఉన్నాయని డబ్బా చూపించాను. మూత తీయలేదు ఆమె. "సరే, అవి మీరు కంటిన్యూ చేయండ్రి. మావి మేమిస్తం" అని వెళ్లిపోయింది. చేతిలో మరో ఇద్దరు పేషెంట్ల కాగితాలున్నాయి ఆమెకు. తప్పు పట్టడం లేదు. నేనైనా ఆగమని అనలేదు.

డాక్టర్లు వచ్చేవారు. పది గంటలకు గుండె డాక్టరు, పన్నెండుకు కిడ్నీ డాక్టరు, నాలుగింటికి షుగర్ డాక్టరు. ముగ్గురూ మంచివాళ్లే. కానీ ముగ్గురూ ఒకేసారి ఆ గదిలో ఉన్నది లేదు. ఒకరు రాసింది ఇంకొకరు చదివారో లేదో నాకు తెలియదు. అన్న సరిగ్గా తినడం లేదని గుండె డాక్టరుకు చెబితే, "షుగర్ సార్‌కు చెప్పండమ్మా" అన్నాడు. షుగర్ డాక్టరుకు చెబితే, "కిడ్నీ వల్ల అయ్యుంటది, వాళ్లనడగండి" అన్నాడు.

నాకు బదులు అన్న దగ్గర కూర్చోవడానికి ఇంకో మనిషి లేదు. అన్నం తెచ్చుకోవాలంటే అన్నను ఒంటరిగా వదిలి కిందికి వెళ్లాలి. లిఫ్టు దగ్గర ఇతర పేషెంట్ల వాళ్లు నలుగురైదుగురు గుంపుగా నిలబడి, నువ్వు ఇంటికిపో నేనుంటానంటే నేనుంటానని వాదించుకుంటుంటే వినేదాన్ని. ఇడ్లీ పొట్లం పట్టుకుని పరుగులాంటి నడకతో పైకి వచ్చేదాన్ని. స్టూలు మీద కూర్చుని తినేదాన్ని. ఒక నోట్‌బుక్ పెట్టుకుని అన్న ఏం తిన్నాడు, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లాడు, ఏ గోలీ ఎన్ని గంటలకు వేశాను అన్నీ రాసేదాన్ని. టీచరు అలవాటు. నిజం చెప్పాలంటే, రాస్తుంటే ఎవరితోనో మాట్లాడుతున్నట్టు ఉండేది.

మంగళవారానికి ఊపిరి తేలికైంది. కాళ్ల వాపు తగ్గింది. ఇంకో రెండు రోజుల్లో ఇంటికి పోతామనుకున్నాను. బుధవారం అన్న తిండి మానేశాడు. ఇడ్లీ నోట్లో పెడితే ఓకరించాడు. గురువారం పొద్దున నన్ను చూసి, "బండి పోయిందా?" అని అడిగాడు.

ఆ మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు, ఇది నోట్‌బుక్‌లో ఉంది, అన్న కిటికీ వైపు తిరిగి, ఖాళీ బెడ్‌తో మాట్లాడడం మొదలుపెట్టాడు.

కేకలు కాదు, కలవరింత కాదు. రైల్లో ఎదుటి సీటు మనిషితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు. ఒక మాట అని ఆగుతాడు. వింటాడు. తల ఊపుతాడు. మళ్లీ అంటాడు.

"అవునా సేటు... ఎన్ని దినాలాయె మరి?... ఆమె మా చెల్లె. టీచరు."

కిటికీ నుంచి వెలుతురు బెడ్ మీద పడుతోంది. పరుపు మీద ఎవరూ లేరు. అన్న కళ్లజోడు నా సంచిలో ఉంది. అది లేకపోతే రెండడుగుల దూరంలో నా ముఖం కూడా అతనికి సరిగా కనిపించదు.

"ఎవలున్నరన్నా ఆడ?" అని అడిగాను.

"సేటు" అన్నాడు, అది కూడా తెలియదా అన్నట్టు.

నాకు భయం వేయలేదు. వయసైన వాళ్లు దవాఖానలో చేరితే ఇలా మతి చెదరడం మామూలేనని చదివాను. రక్తంలో ఉప్పు తగ్గినా, నిద్ర తప్పినా, కొత్త మందు పడకపోయినా అవుతుంది. నర్సుకు చెప్పాను. ఆమె వచ్చి చూసి, "వయసు గదా మేడం, గిట్ల అయితది. సెలైన్ పీకేసుకుంటడేమో, చేతులు కట్టేద్దామా?" అంది. వద్దని చెప్పాను. చేయి నేనే పట్టుకుని కూర్చున్నాను. ముప్పై ఏళ్లు సుత్తి పట్టిన చేయి. అప్పటికి దూదిలా అయిపోయింది.

మరునాడు శుక్రవారం. మళ్లీ అదే సమయానికి, కొంచెం అటూ ఇటుగా, మాటలు మొదలయ్యాయి. ఆ రోజు అన్న నా వైపు తిరిగి, సేటు చెప్పింది నాకు చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో మాట వెంటనే రాసుకున్నాను. ఎందుకు రాశానంటే, డాక్టరుకు చూపిద్దామని.

"సేటుకు పాలు పసుపుపచ్చగ కనబడ్డయట సుగుణా. పసుపు కలిపిండ్రని లొల్లి పెట్టిండట. పాపం, కలపలేదట."

"నీకెట్ల కనబడ్తానయి అన్నా?"

కొంచెం సేపు గోడవైపు చూశాడు. "నాకూ గట్లనే. గోడ పచ్చగున్నది. నీ మొకం గూడ."

ఈ మాట అప్పటిదాకా నాతో అనలేదు. నా కలం ఆగింది. అయినా కంగారుపడలేదు. తనకు కలుగుతున్నదాన్నే ఆ లేని మనిషి మీద పెట్టి చెబుతున్నాడనుకున్నాను. మనసు అలాంటి పనులు చేస్తుంది.

తర్వాత అన్నాడు. నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"నీ డబ్బల చిన్న తెల్లగోలి ఉన్నది సూడు, వీళ్లు పొద్దుగాల ఇచ్చే తెల్లగోలి ఉన్నది సూడు, రెండు ఒక్కటేనట. పేరే వేరట. సేటు అంటాండు, జర మీ చెల్లెకు చెప్పు, నా మాట ఎవ్వలు ఇంటలేరు అని."

మా అన్నకు ఇంగ్లీషు అక్షరం రాదు. గోలీల పేర్లు ఎన్నడూ అడగలేదు. నేను అరచేతిలో పోస్తే నోట్లో వేసుకుంటాడు, అంతే. దవాఖాన గోలీలను నర్సు చిన్న ప్లాస్టిక్ కప్పులో తెచ్చేది. వాటి అట్ట కూడా మేం చూడలేదు.

పిచ్చి మాటలకు నేనెందుకు లేస్తున్నానో అనుకుంటూనే లేచాను. డబ్బా పట్టుకుని నర్సుల బల్ల దగ్గరికి వెళ్లి, పొద్దున ఇచ్చే గోలీల అట్టలు చూపించమన్నాను. తర్వాత రమ్మన్నారు. కదలలేదు నేను. ముప్పై ఏళ్లు పిల్లల ముందు నిలబడ్డట్టు నిలబడ్డాను.

అక్కడ ఒక చిన్న డాక్టరమ్మ కూర్చుని రాసుకుంటోంది. నస్రీన్ అని పేరు. మానుకోట వైపు అమ్మాయి. ఆ దవాఖానలో చేరి పదిహేను రోజులే అయిందట. తలెత్తి నా చేతిలో డబ్బా చూసింది.

"ఏంది మేడం అది?"

"మా అన్న ఇంటి గోలీలు. ఇక్కడికి వచ్చినప్పటినుంచి ఎవ్వరూ చూడలేదు."

"మీరే ఇస్తాన్రా ఇవి?"

"కంటిన్యూ చేయమన్నరు."

ఆమె కలం కింద పెట్టేసింది. దవాఖాన మందుల అట్టలన్నీ తీసుకుని నాతో గదికి వచ్చింది. పరచడానికి వేరే చోటు లేదు. కిటికీ పక్క ఖాళీ బెడ్ మీదే పరిచింది. ఒక వరుసలో ఇంటివి, ఎదురుగా దవాఖానవి. వంగి, అక్షరాలు చిన్నగా ఉంటే ఫోన్‌లో పెద్దవి చేసుకుని, ఒక్కొక్కటీ చదివింది. అన్ని గోలీలను ఒక డాక్టరు ఒకచోట చూడడం నేను చూడడం అదే మొదటిసారి. అన్న కళ్లు మూసుకుని పడుకున్నాడు. సేటుతో మాట్లాడడం లేదు.

ఆమె చేయి రెండు అట్టల మీద ఆగింది. ఒకటి నా డబ్బాలోది, ఒకటి వాళ్లది. రెండూ గుండె లయను అదుపులో పెట్టే మందు. కంపెనీ వేరు, పేరు వేరు, లోపల మందు ఒక్కటే. అసలే కిడ్నీలు నీరసంగా ఉన్న మనిషికి, ఆదివారం నుంచి రోజూ రెండింతలు పడుతోంది. ఒకటి నర్సు ఇచ్చింది. ఇంకొకటి నా చేత్తో నేనే ఇచ్చాను.

నస్రీన్ అన్న మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. "నలభై రెండు" అంది మెల్లగా. వెంటనే బయటికి వెళ్లి ఫోన్ చేసింది. పావుగంటలో గుండె డాక్టరు వచ్చాడు. ఈసీజీ తీశారు, రక్తం తీశారు, ఆ మందు రెండు చోట్లా ఆపేశారు. కిందికి మార్చి, తెరమీద గుండె కనిపించే గదిలో రెండు రోజులు ఉంచారు. ఇంకొక రోజు అలాగే నడిచి ఉంటే ఏమయ్యేదో చెప్పలేకపోయేవాళ్లమని నస్రీన్ తర్వాత నాతో అంది. తినబుద్ధి కాకపోవడం, మతి చెదరడం, అన్నీ పసుపుపచ్చగా కనబడడం, అన్నీ ఆ మందు ఎక్కువైతే వచ్చేవేనట.

"మీరెట్ల పట్టుకున్నరు మేడం?" అని అడిగింది.

"రెండూ ఒకేలా కనబడ్డాయి" అన్నాను. నా జీవితంలో ఒక డాక్టరుకు చెప్పిన మొదటి అబద్ధం అదే. సేటు సంగతి చెబితే నన్ను ఎలా చూస్తుందో నాకు తెలుసు. అలాంటి మాటలు చెప్పినవాళ్లను నేనూ అలాగే చూసేదాన్ని.

సోమవారం పొద్దున అన్న కళ్లు తెరిచి, "చాయ్ తాగబుద్ధయితాంది" అన్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. బాత్రూంలోకి వెళ్లి నల్లా తిప్పి ఏడ్చాను. మమ్మల్ని మళ్లీ పై గదికి, అదే తలుపు వైపు బెడ్‌కు మార్చారు. కిటికీ పక్కది అప్పటికీ ఖాళీ. కళ్లజోడు పెట్టి, బెడ్ వైపు చూపించి అడిగాను.

"సేటు ఏమన్నడన్నా?"

"ఏ సేటు?"

"నువ్వు మాట్లాడినవు గదా, రెండు దినాలు."

ఖాళీ పరుపును చూశాడు, నన్ను చూశాడు. "నీకు నిద్ర చాలనట్టున్నది సుగుణా" అన్నాడు. బుధవారం నుంచి ఆదివారం దాకా అతనికి ఏమీ గుర్తులేదు. ఇవాళ్టికీ లేదు.

అంటే, అది విన్నది నేను ఒక్కదాన్నే. చెప్పినవాడికే తెలియదు. ఎవరికి చెప్పుకోవాలి? నోట్‌బుక్ తీసి నేను రాసిన అక్షరాలు నేనే మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

ఆ మధ్యాహ్నం గది తుడవడానికి ఆయమ్మ వచ్చింది. యాకమ్మ. అంతకుముందు ఆమెను చూడలేదు. కింది అంతస్తులో చేసేదట, ఆ రోజే మళ్లీ పైకి వేశారట. ఆమె బకెట్ దించుతుంటే, మామూలుగా అడిగినట్టు అడిగాను, ఈ కిటికీ పక్క బెడ్‌లో ఎవరన్నా ఉండేవారా అని.

"ఒక సేటుండె మేడం. మార్కెట్ల సుతిలి తాళ్ల దుకాణం ఆయనది. ఇరవై దినాల దాక ఉన్నడు. పోయిన నెల పోయిండు పాపం." తుడుపు గుడ్డ పిండుతూ తనలో తాను నవ్వినట్టు అంది, "ఊకె లొల్లి పెడ్తుండె. ఒక పూట కోడలు పాలు తెస్తే, పసుపు కలుపుకచ్చినవని గిలాస ఇసిరికొట్టిండు. నేనే తుడిచిన. తెల్లటి పాలు మేడం, నా కండ్లతోటి చూసిన."

నా ఒంటి మీద వెంట్రుకలు నిలబడ్డాయి. ఆ మాట నేను ఇంతకుముందు పుస్తకాల్లోనే చదివాను. నిజంగానే నిలబడతాయి.

డిశ్చార్జి ముందురోజు నస్రీన్‌ను వరండాలో ఆపి, ధైర్యం చేసి ఒక్కటే చెప్పాను. ఆ గదిలో పోయిన నెల ఒక పెద్దాయన ఉండేవాడట, ఆయనకూ పాలు పసుపుపచ్చగా కనిపించాయట. మిగతాది చెప్పలేదు. ఆమె ముఖం మారింది. "వేరే పేషెంట్ సంగతి నేను మీకు చెప్పొద్దు మేడం" అంది. నేను అడగడం లేదన్నాను.

మరునాడు మేం బయల్దేరుతుంటే గదికి వచ్చింది. కళ్ల కింద నల్లగా ఉంది. "ఫైల్ చూసిన మేడం" అంది. అంతే. చేతిలో ఒక తెల్లకాగితం ఉంది, స్కేలుతో గీతలు గీసింది. మేం వెళ్తుండగానే మా బెడ్‌లోకి వస్తున్న ముసలమ్మ కోసమట. ఇంటి మందులు ఏమిటి, ఇక్కడ ఇచ్చేవి ఏమిటి, రెండింటినీ పక్కపక్కన రాయడానికి గళ్లు. తింటోందా, లేచి నడుస్తోందా, మాట తేడాగా ఉందా, దగ్గర ఎవరుంటున్నారు. అన్నిటికంటే కింద, పేషెంటుకు ఏం కావాలి అని ఒక గడి.

ముందు మా అన్న మీదే పరీక్షించి చూసింది. "తాతా, మీకేం కావాలె?"

అన్న ఆలోచించి, "గా కిటికీ కాడ జరసేపు కూసుంటా" అన్నాడు. పన్నెండు రోజుల్లో ఆ మాట అతన్ని ఎవరూ అడగలేదు. నేను కూడా. ఇద్దరం చెరో వైపు పట్టుకుని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాం. పది నిమిషాలు రోడ్డు చూశాడు. మేం లిఫ్టు ఎక్కేసరికి ఆ కిటికీ పక్క బెడ్‌లోకి కూడా ఒక పేషెంటును తెచ్చారు.

ఆ కాగితం ఇప్పుడు ఆ అంతస్తులో పెద్దవాళ్లందరి బెడ్లకూ వేలాడుతోందని, ముగ్గురు డాక్టర్లూ దాని మీదే రాయాలని పెట్టుకున్నారని, మొన్న మళ్లీ పరీక్షలకు వెళ్లినప్పుడు చూశాను. అచ్చు వేయించారు. నస్రీన్ గీసిన గళ్లే.

అప్పుడు ఇంటికి వచ్చి నెల గడిచినా నాకు స్థిమితం లేకపోయింది. ఒక రోజు పొద్దున అన్నకు వంట చేసి పెట్టి, ఆటో ఎక్కి వరంగల్ మార్కెట్‌కు వెళ్లాను. తాళ్లు, సుతిలి, గోనె సంచులు అమ్మే దుకాణాలు వరుసగా ఉంటాయి అక్కడ. ఈ మధ్య దవాఖానలో పోయిన సేటు దుకాణం ఏదని మూడో దుకాణంలో అడిగితే చెప్పారు, ఎదురుగా ఉన్నదేనని.

ముందు ఒక ముప్పై ఐదేళ్ల అమ్మాయి సుతిలి ఉండలు తూకం వేస్తోంది. కోడలు. లోపల గోనె సంచుల కట్ట మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. శకుంతలమ్మ, సేటు భార్య. గోడ మీద దండ వేసిన ఫోటోలో ఆయన. ఆ ముఖాన్ని నేనెన్నడూ చూడలేదు. ఎందుకో, చూసినట్టు అనిపిస్తుందేమోనని ఎదురుచూశాను. అనిపించలేదు.

మీ ఆయన ఉన్న గదిలోనే మా అన్న ఉన్నాడని మొదలుపెట్టాను. ఆమె నీళ్లు తెప్పించింది. పాల సంగతి నేనెత్తకముందే ఆమే ఎత్తింది.

"ఆఖరికి మతి తప్పింది ఆయనకు. పాలల్ల పసుపు కలిపినవని కోడలు మీదికి లేచిండు, అందరి ముందల. నేను గూడ దాన్నే తిట్టిన. ఏం కలిపినవే అని."

తూకం చప్పుడు ఆగిపోయింది.

నేను టీచరునని, అన్నకు జరిగింది ఇదని, ఒక రకం గుండె మందు ఒంట్లో ఎక్కువైతే అన్నీ పసుపుపచ్చగా కనిపిస్తాయని చెప్పాను. "మీ సేటుకు ఏమైందో నాకు తెల్వదమ్మా. ఆ ఫైల్ మీరు అడిగి తీసుకోవచ్చు. కావాలంటే నేను తోడొస్తా. కానీ ఆయన అబద్ధమాడలేదు. ఈ అమ్మాయి ఏం కలపలేదు."

కోడలు అటు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. శకుంతలమ్మ లేచి వెళ్లి ఆమె వీపు మీద చేయి వేసింది. చాలాసేపు అలాగే నిలబడ్డారు ఇద్దరూ. ఒకతను సుతిలి కోసం వచ్చి, చూసి, వెనక్కి వెళ్లిపోయాడు.

తర్వాత శకుంతలమ్మ తనంతట తానే అంది, "రెండు గోలీలు ఒక్కతీరుగున్నయి, ఒక్కటే మందు రెండుసార్లు ఇస్తాండ్రు అని రోజు చెప్పిండమ్మా. డాక్టర్లకు చెప్పిండు, సిస్టర్లకు చెప్పిండు, నాకు చెప్పిండు. సుతిలి చేత్తో రుద్ది చూసి ఏ ఊరి మిల్లుదో చెప్పే మనిషి. ఎవ్వలం ఇనలే."

అప్పుడు మిగతాది కూడా చెప్పేశాను. ఖాళీ బెడ్, మా అన్న మాటలు, నోట్‌బుక్. తీసి చదివాను. ఆమె భయపడుతుందనుకున్నాను. భయపడలేదు. కళ్లు తుడుచుకుని ముందుకు వంగింది.

"ఇంకేమన్న అన్నడా? నా ముచ్చట ఏమన్న తీసిండా?"

లేదు. ఆటోలో వస్తూ కూడా పేజీలు తిరగేశాను. భార్య గురించి ఒక్క మాట లేదు. ఒక చిన్న అబద్ధం చెప్తే ఆమె ఆ రాత్రి సుఖంగా నిద్రపోయేది. కానీ అలాంటి అబద్ధాలు చెప్పి బతికేవాళ్లను ఊరూరా ఎదిరించి వచ్చినదాన్ని నేను.

"లేదమ్మా" అన్నాను.

ఆమె రోడ్డు వైపు చూసింది. "గంతే ఆయన" అంది. "దుకాణానికి వచ్చిన ప్రతి ఒక్కలతోటి ముచ్చట పెడ్తుండె. ఇంటికొస్తె నోరు తెరవకపోతుండె."

దీనికి కారణాలు వెతకకుండా ఉండలేదు నేను. సేటు చెప్పిన మాటల్ని నర్సులెవరో ఆ గదిలో అనుకుంటుంటే అన్న సగం నిద్రలో విని ఉండవచ్చు. కానీ నేను స్టూలు మీదినుంచి లేచిందే తక్కువ. ఉన్నంతసేపూ అలాంటి మాట నేను వినలేదు. పసుపు రంగు మందు వల్లే కనిపించింది, అది సరే. సుతిలి దుకాణం సేటు ఏ మందు వల్ల వస్తాడు? రెండు గోలీలూ ఒక్కటేనని, కళ్లజోడు లేని, ఇంగ్లీషు రాని మా అన్నకు ఎలా తెలిసింది? బతికుండగా ఇరవై రోజులు చెప్పినా ఎవరూ వినని మాట, ఆయన పోయాక నెలకు మా అన్న చెవిన ఎలా పడింది? నాకు తెలియదు. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. ఇది జరగలేదని కూడా అనలేను.

శకుంతలమ్మ కోడలి ఫోన్ నుంచి నెలకు ఒకటి రెండుసార్లు చేస్తుంది. ఆమె మోకాళ్ల సంగతి, మా అన్న షుగర్ సంగతి, ఎవరు ఏ గోలీ మార్చారో ఆ సంగతి మాట్లాడుకుంటాం. ఫైల్ అడగలేదు వాళ్లు. అడిగితే ఆయన తిరిగి వస్తాడా అని శకుంతలమ్మ ఊరుకుంది. పెట్టేసే ముందు ప్రతిసారీ గొంతు తగ్గించి ఒకటి అడుగుతుంది.

"మీ అన్న మల్ల ఏమన్న అన్నడా?"

లేదంటాను. ఫోన్ పెట్టేసి అన్న వైపు చూస్తాను. మంచం మీద కూర్చుని, కళ్లజోడు ముక్కు మీదికి జారి, టీవీ చూస్తుంటాడు. ఆమె కోసం ఒక్కసారి అడగాలనిపిస్తుంది. ఏమని అడగాలో తెలియక, చాయ్ తాగుతావా అని అడుగుతాను.